చాప మీద పిలవని పేరు

అక్క పోయిందన్న కబురు నాకు మొదట చేర్చింది లలిత. సౌదీలోనే ఇంకో ఊరు, రాబిగ్ నుంచి ఫోన్ చేసింది. శనివారం పొద్దున, పిల్లలను బడి బస్సు ఎక్కించి వచ్చి బియ్యం కడుగుతున్నాను.

“ఖైరూ, పనిలో ఉన్నావా? ముందు కూర్చో.”

“కూచున్న్యా, చెప్పు,” అన్నాను నిలబడే.

“అక్క పోయింది. మొన్న గురువారమే పోయిందంట. ఇంటిగలావిడ నిన్న సాయంత్రం తలుపు తీయించి చూసిందంట.”

గిన్నెలో కడుగు నీళ్ళు ఇంకా తిరుగుతున్నాయి. గిన్నె కింద పెట్టాను.

“నీకెట్ల తెలిసింది?”

“నిన్న మిస్డ్ కాల్ రాలేదు కదా. మనసు అదోలా అయిపోయింది. ఇందాక నేనే చేశాను. ఆవిడ ఎత్తింది.” అంతలోనే అడిగింది. “నీకు వచ్చిందా నిన్న?”

“రాలా.”

“మరి నువ్వు చెయ్యలేదా?”

ఆమె గొంతులో నింద లేదు. ఉంటే బాగుండేదేమో. శుక్రవారం నా ఫోన్ మోగనప్పుడు నేను అనుకున్నది ఒక్కటే: ఈ వారం అక్క మర్చిపోయినట్టుంది. అనుకొని పూరీలకు పిండి కలపడానికి పోయాను. ఆ మాట లలితకు చెప్పలేకపోయాను. “ఇన్నా లిల్లాహి” అని మనసులో అనుకున్నాను. అక్క నా తోడబుట్టింది కాదు, ఆమెది మా మతమూ కాదు. కానీ అందరం అల్లాహ్ వాళ్ళమే, అందరం ఆయన దగ్గరికే పోతాం అన్న మాటకు గోడలెక్కడివి?

అప్పటి నుంచి నాకు ఒకచోట నిలవడం చేతకావడం లేదు. ఉతికిన బట్టలే మళ్ళీ మడత పెడుతున్నాను. వంటింట్లోకి పోయి ఎందుకు వచ్చానో మరిచి తిరిగి వస్తున్నాను. నమాజులో కూర్చున్నా అడగాల్సిన ప్రశ్న ఒకటే గుచ్చుతోంది. ఆ వారం అక్కకు పలకాల్సింది ఎవరు? జవాబు మా నోటుబుక్కులో ఉంటుంది. ఆ నోటుబుక్కు నా దగ్గరే, బీరువా పైన, పాత దుపట్టాలో చుట్టి ఉంది. దించి చూడటానికి మాత్రం మూడు రోజులు చెయ్యి రాలేదు. నా పేరే ఉంటుందేమోనని.

పలకడమంటే ఏమిటో, నోటుబుక్కు ఎందుకో, ఇది చదివే మీకు తెలియదు కదా. చెబుతాను.

రియాద్‌లో మేముండే మలాజ్ పేటలో తెలుగు ఆడవాళ్ళం ఒక గుంపు కట్టుకున్నాం. దానికి పెట్టిన పేరు చాప. అక్క వాళ్ళ హాల్లో పరిచే నీలం ప్లాస్టిక్ చాప మీద కూర్చునేవాళ్ళం కనుక ఆ పేరు. మొదట్లో ఎవరో మహిళా సంఘం అన్నారట. అక్క భర్త, మా అందరికీ బావ, బళ్ళ వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఆయన రెండు చేతులూ జోడించాడట. “సంఘం గింగం అనకుండ్రి తల్లీ. కాయితం లేని సంఘం ఈ దేశంల నడువది. చాప అనుండ్రి. చాపకు ఇఖామా అడిగేటోడు లేడు.” ఇఖామా అంటే ఇక్కడ ఉండటానికి మనిషికి ఇచ్చే కార్డు. అది లేకుండా వీధి మలుపు కూడా తిరగలేం. అందుకే ఆ మాటకు అంత నవ్వారట.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక మొదలుపెట్టి, మూడింటప్పుడు అసర్ నమాజుకు పిలిచే అజాన్ వినపడగానే చాప చుట్టేసేవాళ్ళం. ఆ రెండు గంటలూ బావ తన చెప్పులు చేత్తో పట్టుకుని, అడుగుల చప్పుడు కూడా మాకు అడ్డు రాకూడదన్నట్టు మెట్లు దిగి కింద టీ కొట్టుకు పోయేవాడు. ఆయనకు దేవుడు మంచి చోటు ఇచ్చి ఉండాలి.

చాప ఎట్లా మొదలైందో అక్క ప్రతి కొత్త మనిషికీ చెప్పేది. నేనూ విన్నాను, నా తర్వాత వచ్చినవాళ్ళతో కలిసి పది పన్నెండు సార్లు విన్నాను. ఒకరోజు మెట్ల మీద నెల్లూరి అమ్మాయి ఒకామె ఎదురుపడిందట. భర్త పని మీద తబూక్ పోయి పదకొండు రోజులైంది. అక్క పలకరిస్తే ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు. పదకొండు రోజులు ఎవరితోనూ మాట్లాడక గొంతు పట్టేసింది.

“మా ఆయన ఏమంటడంటే,” అనేది అక్క వెల్లుల్లి పాయలు ఒలుస్తూ. అక్క చేతుల్లో ఎప్పుడూ ఏదో ఒక ఒలిచే పని ఉండేది. “బండిని వారానికోపాలి స్టార్ట్ చెయ్యకుంటే బ్యాటరీ పడిపోతదట. ఇనుముకే గట్లుంటే మనిషికెట్లుండాలె? అందుకని చాప పరిచిన.”

మనిషి పొట్టి. గాజుల మీద బావ పాత గడియారం పెట్టుకునేది, అది మణికట్టు చుట్టూ తిరిగిపోతూ ఉండేది. చాప మధ్యలో ఆమె కూర్చోవడం నేను చూడలేదు. అంచున, ఒక మోకాలు పైకి పెట్టుకుని, సగం నేల మీద, సగం చాప మీద. “రా అక్కా, లోపలికి జరుగు” అంటే, “మీరు నడుమ కూసోండ్రి. అంచు ఎగరకుండ ఎవ్వరో ఒక్కరు పట్టుకోవాలె కదా” అనేది. ఎవరినీ “బాగున్నావా” అని అడిగేది కాదు. ఆమె పలకరింపు ఒకటే: “ఉన్నవా?” నేనొకసారి అడిగాను, అదేమి పలకరింపు అక్కా అని. “బాగు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందుగాల ఉన్నవా లేవా చెప్పు” అంది.

చాపకు కొన్ని పద్ధతులుండేవి. లోపలికి రాగానే, బట్టల మీద తొడిగే పొడవాటి అబాయాలన్నీ మంచం మీద ఒకే కుప్పగా వేయాలి. అన్నీ నల్లవే. పోయేటప్పుడు ఎవరిది ఎవరు తొడుక్కుపోయినా మళ్ళీ శుక్రవారం దాకా అడగకూడదు. ఒక వారం నేను మోకాళ్ళ దాకా వచ్చే అబాయా వేసుకుని ఇంటికి పోతే మా ఆయన తలుపు దగ్గరే నవ్వి నవ్వి కూలబడ్డాడు.

అన్నిటికన్నా పెద్ద పద్ధతి పేరు చెప్పడం. ఇక్కడ ఆడవాళ్ళకు పేర్లుండవు. ఫలానా కంపెనీ ఇంజనీరుగారి మిసెస్, ఫలానా ఆస్పత్రి డాక్టర్‌గారి మిసెస్, అంతే. సరోజ మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. విజయవాడ మనిషి, డాక్టర్ భార్య, పట్టుచీర కట్టుకుని వచ్చింది.

“నేను డాక్టర్‌గారి మిసెస్‌నండీ.”

“ఆయన రాలేదు కదమ్మా,” అంది అక్క. “వచ్చింది ఎవరు?”

“అదేనండీ, డాక్టర్‌గారి...”

“డాక్టర్‌ను పక్కకు వెట్టు. నిన్ను మీ అమ్మ ఏమని పిలుస్తుండె?”

సరోజ ఇటూ అటూ చూసింది. “సరోజ” అంది మెల్లగా. “ఇనపడలే” అంది అక్క. “సరోజ.” “గోడవతల పాకిస్తానీ ఆమెకు ఇనపడాలె.” “సరోజా!” అని అరిచేసి, తన అరుపుకు తనే జడిసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు. పెళ్ళయ్యాక తన పేరు తాను పలకడం అదే మొదలంది.

పేరు చెప్పాక నోటుబుక్కులో ఎవరి పేరు వాళ్ళే, వాళ్ళ చేత్తోనే రాయాలి. ఒకరి పేరు ఇంకొకరు చెప్పకూడదు, ఒకరి పేరు ఇంకొకరు రాయకూడదు. అప్పుడే చాప మనిషైనట్టు.

నేను మొదటిసారి పోయిన రోజు నా వంతూ వచ్చింది. నేను బడి మొహం చూడలేదు. ప్రొద్దుటూరులో మా అబ్బాది కిరాణా అంగడి. పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద వేలు పెట్టించి ఆయనే నాకు తెలుగు అక్షరాలు నేర్పాడు. ఈ రోజుకూ నాకు అక్షరమంటే పసుపు, ధనియాల వాసన. ఆయన చేసిన మేలుకు రోజూ దువా చేస్తాను. వణుకుతూనే ఖైరున్నీసా అని రాశాను. అక్క నోటుబుక్కు తన వైపు తిప్పుకుని చాలాసేపు చూసింది.

“గింత పొడుగు పేరు నువ్వే రాసినవా? బడికి పోలేదంటివి?”

“మా అబ్బా నేర్పిచ్చినాడు అక్కా, ఇంట్లోనే.”

“మంచి నాయిన,” అంది. తడి ఆరని అక్షరాల పక్కనే, అంటకుండా, వేలితో గాలిలో గీస్తూ పోయింది. “మంచి నాయిన దొరికిండు నీకు.” ఆ రెండోసారి అనడం ఎందుకో అప్పుడు నాకు తట్టలేదు.

ఇక పలకడం. తినడానికి ముందు అక్క నోటుబుక్కు తెరిచి పేర్లు పిలుస్తుంది. వచ్చినవాళ్ళు తమకు తాము పలుకుతారు. రానివాళ్ళకు, ఆ పేరు పక్కన వంతు రాసి ఉన్న వేరొకరు పలకాలి. పలకాలంటే ఆ వారంలో ఆమెకు ఫోన్ చేసి మాట్లాడి ఉండాలి. ఒకరు “ఉందండీ” అంటారు, ఒకరు “ఉన్నది” అంటారు, నేను మా సీమ మాటలో “ఉండాది” అంటాను. వెంటనే అక్క అడుగుతుంది, “ఏం వండుకున్నది?” దానికి జవాబు చెప్పాలి. టమాట పప్పు, గుడ్డు పులుసు, ఏదైతే అది. ఎవరూ పలకని పేరు ఒక్కటున్నా గిన్నెల మీద మూత తీయకూడదు. ఎవరో ఒకరు లేచి ఫోన్ చేసి, ఆమె గొంతు విని, ఏం వండుకుందో అడిగి వచ్చి చెప్పాకే అన్నం. మానేసి దేశం వెళ్ళిపోయినవాళ్ళ పేరు కూడా కొట్టేయకూడదు. వాళ్ళకూ ఎవరో ఒకరు పలకాలి.

అట్లాంటి చాప మీద నేను ఒక అబద్ధం చెప్పాను.

లలిత భర్త అప్పుడు రాబిగ్‌లో రిఫైనరీ పనుల మీద ఉండేవాడు. పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. భీమవరం పిల్ల, మా ఇంటికి మూడు వీధులవతల ఒక్కతే ఉండేది. ఆ వారం ఆమెకు పలకాల్సింది నేను. బుధవారం చేద్దామనుకున్నాను, చిన్నవాడికి జ్వరం. గురువారం అనుకున్నాను, ఇంటికి చుట్టాలు. శుక్రవారం చాపకు వచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది. లేచి ఫోన్ చేసి ఉంటే సరిపోయేది, రెండు నిమిషాల పని. కానీ బిరియానీ వేడిగా ఉంది, పిల్లలు ఆకలంటున్నారు, అందరూ నా వైపే చూస్తారని సిగ్గు.

“లలిత,” అని పిలిచింది అక్క.

“ఉండాది,” అన్నాను.

“ఏం వండుకున్నది?”

“వంకాయ కూర,” అన్నాను. నోటికి ఏది వస్తే అది.

అక్క చప్పుడు చేయకుండా నోటుబుక్కు మూసింది. గిన్నె మూత తీయబోతున్న సరోజ చేతిని పట్టుకుని, “మీరు జర ఆగుండ్రి, మేమిద్దరం ఇప్పుడే వస్తం” అంది. నన్ను లేపి మంచం దగ్గరికి తీసుకుపోయి చేతికి దొరికిన రెండు అబాయాల్లో ఒకటి నా మీద పడేసింది.

“లలితకు వంకాయ పడదే,” అంది చెవిలో. “నోరంత పొక్కుతది. నడువు.”

మధ్యాహ్నం రెండు గంటల ఎండ. దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి, వీధిలో మనిషి లేడు. అక్కది పొట్టి అడుగు, అయినా నేను పరుగెత్తాల్సి వచ్చింది. టీ కొట్టు ముందు నుంచి పోతుంటే బావ చూశాడు. ఏమిటని అడగలేదు. గ్లాసు అక్కడ పెట్టేసి, మాకు పది అడుగుల వెనక నడుస్తూ వచ్చాడు. దారిపొడుగునా నేను ఏం మొక్కుకున్నానో నాకే తెలియదు. యా అల్లాహ్, ఆ పిల్ల వంకాయ కూరే వండుకుని ఉండాలి అని కూడా మొక్కుకున్నాను.

మూడో అంతస్తు. బెల్ కొట్టాం, పలుకు లేదు. తలుపు బాదాం. కాపలా ఉండే యెమెన్ ముసలాయన తాళాల గుత్తి తెచ్చాడు, లోపల గడియ ఉంది. ఆయన పనిముట్ల పెట్టెలోంచే స్క్రూడ్రైవరు తీసుకుని బావ తలుపు బందులు ఊడదీయడం మొదలుపెట్టాడు. అప్పుడు వినిపించింది. లోపల ఎక్కడో, ప్లాస్టిక్ మగ్గుతో నేల మీద కొట్టే చప్పుడు. టక్. ఆగి, మళ్ళీ టక్.

తలుపు ఊడిరాగానే బావ, ఆ ముసలాయన మెట్ల వైపు తిరిగి నిలబడ్డారు. మేం లోపలికి పోయాం. లలిత బాత్‌రూంలో జారిపడి ఉంది, గురువారం సాయంత్రం నుంచి. తుంటి ఎముక చిట్లింది, లేవలేకపోయింది. అక్క ముందు తన అబాయా తీసి ఆమె మీద కప్పింది. కూర్చుని తల ఒళ్ళోకి తీసుకుంది.

“ఉన్నవా బిడ్డా?”

“ఉన్నానక్కా,” అంది లలిత. తర్వాత నా వైపు చూసి, పెదాలు తడుపుకుంటూ అంది: “ఫోన్ మోగుద్దేమో, తియ్యకపోతే ఎవరైనా వస్తారేమోనని నిన్నట్నుంచి చెవి అక్కడే పెట్టి ఉన్నాను ఖైరూ. ఒక్కసారీ మోగలేదు.”

లలిత బతికింది, నడిచింది, దేవుడికి వేలవేల కృతజ్ఞతలు. రెండు నెలలు మంచం మీద ఉంటే చాప మొత్తం వంతులు వేసుకుని వండిపెట్టింది. ఆ రోజు ఆస్పత్రి వరండాలో అక్క పక్కన నిలబడి చెప్పేశాను.

“నేను ఫోన్ చేయలా అక్కా.”

“ఎరుకే.”

“అందరి ముందర చెప్తావా?”

అక్క గడియారాన్ని మణికట్టు మీదికి తిప్పుకుంది. “చెప్పి ఏం జేస్త? నిన్ను చాప మీదికెల్లి లేపుతనా? లేపితే రేపు నీకెవ్వలు పలుకుతరే?” నేను ఏడుస్తున్నాను. ఆమె నా వైపు చూడలేదు. “వచ్చే వారం సంది పుస్తకం నీ తాన్నే ఉంటది. ఒకపాలి తప్పినోళ్ళే గట్టిగ పట్టుకుంటరు.”

ఆ మాట ప్రకారం నోటుబుక్కు నాకు వచ్చింది. పిలవడం మాత్రం అక్కే పిలిచేది, నేను తెరిచి ఆమె చేతికి ఇచ్చేదాన్ని. దగ్గర కూర్చోవడం మొదలయ్యాక గమనించాను. పేర్లు వరసగా వస్తుంటాయి, ఒక్కటీ తప్పదు, కానీ అక్క వేలు కిందికి జరగదు. మొదటి పేజీలో, మొదటి పేరుకు పైన, ఖాళీగా ఉన్న గీత మీదే ఆని ఉంటుంది. పేజీ తిప్పాల్సిన చోట కూడా తిప్పదు.

అక్కకు చదవడం రాదు.

నాకు తెలిసినట్టు ఆమెకు తెలియనివ్వలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటుందేమోనని ఊరుకున్నాను. దాన్ని నేను మర్యాద అనుకున్నాను. పొట్లం కాగితాల మీద వేలు పట్టి నేర్పించుకున్నదాన్ని నేను, పక్కనే కూర్చుని, ఆ వేలును ఒక్కసారీ పట్టుకోలేదు. ఇప్పుడు బట్టలు మడత పెడుతూ పెడుతూ చేతులు ఆగిపోయేది ఇక్కడే.

తర్వాత బావ పనిచేసే వర్క్‌షాపు మూతపడి, వాళ్ళు ఎగ్జిట్ మీద, ఇక తిరిగిరాని వీసాతో, హనుమకొండ వెళ్ళిపోయారు. పోయే రోజు ఆ నీలం చాప చుట్ట నా భుజం మీద పెట్టింది అక్క. “ఇగ మీ ఇంట్ల పరువు. అంచు మీద నువ్వు కూసో.” అంతే అంది. ఏడాదికి బావ పోయాడు. పిల్లలు లేరు, ఒక్క గది అద్దెకు తీసుకుని అక్క ఒక్కతే ఉండిపోయింది.

అక్కడికి పోయాక కూడా ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆమె నుంచి మిస్డ్ కాల్ వచ్చేది. నాకు, సరోజకు, రాబిగ్‌లో కాపురం పెట్టిన లలితకు, దేశం వెళ్ళిపోయినవాళ్ళకు, అందరికీ. రెండు రింగులు, ఆగిపోతుంది. ఉన్నవా అని అడిగినట్టు. మేమూ రెండు రింగులు ఇచ్చి ఆపేసేవాళ్ళం. ఉన్నామని చెప్పినట్టు. మొదట్లో నెలకోసారైనా మాట్లాడేవాళ్ళం. తర్వాత రింగులే మిగిలాయి, చాప పరిచి పేర్లు పిలవడం కూడా అరుదైపోయింది. ఏం వండుకున్నావని అడగడం ఎప్పుడు మానేశామో నాకు గుర్తు లేదు.

మూడో రోజు నోటుబుక్కు దించాను. దుపట్టా విప్పి, బిస్మిల్లా అని తెరిచాను. ఇరవై మూడు పేర్లు. సరోజది వంకర లేని గుండ్రటి రాత, లలితది ఆకుపచ్చ సిరా, నాది వణికిన రాత. ప్రతి పేరు పక్కనా పెన్సిలుతో ఆమెకు పలకాల్సినవాళ్ళ పేరు. పై నుంచి కిందికి వేలు పెట్టి చూశాను. కింది నుంచి పైకి చూశాను. వెనక పేజీలూ చూశాను.

అక్క పేరు లేదు.

ఎవరి పేరు వాళ్ళే రాయాలి. ఆమెకు రాయడం రాదు. అందుకని లేదు. పేరు లేదు కనుక పిలవలేదు. పిలవలేదు కనుక ఎవరూ పలకలేదు. ఆ వారం ఎవరి వంతో కాదు. ఏ వారమూ ఎవరి వంతూ కాదు. ఆమే అందరికీ రింగు ఇస్తుంది కదా, ఆమెకు ఇంకా ఎవరెందుకు చేయడం అనుకున్నాం, అనుకున్నామని కూడా తెలియకుండా అనుకున్నాం. పుస్తకం పట్టుకుని ఇన్నేళ్ళున్న నాకు కూడా ఆ లోటు కనపడలేదు.

తప్పు ఒకరిది కాదని తెలిస్తే మనసు కుదుటపడాలి. నాకు పడలేదు. హనుమకొండకు ఫోన్ చేశాను. ఇంటిగలామె ఎత్తింది. అక్క పేరు అడిగాను. ఏళ్ళ తరబడి స్నేహం చేసి పేరు అడుగుతున్నదేమని ఆమె వింతపడింది, అయినా చెప్పింది. ఆ పేరు మొదటిసారి విన్నాను. ఇంకొకటి అడిగాను.

“గురువారం ఆమె ఏం వండుకున్నదమ్మా?”

“గిదేం అడుగుడు తల్లీ?” అంది. మళ్ళీ తనే అంది: “పచ్చిపులుసు. గిన్నె మూత తీస్తే చింతపండు వాసన గుప్పున కొట్టింది. ఎల్లిపాయలు ఒలిచి పక్కకే వెట్టుకున్నది పాపం.” ఇంకా చెప్పింది. “ఆమె ఫోన్ల పేర్లు లెవ్వు, వట్టి నంబర్లే. అన్నీ నోటికే. శుక్రారం వచ్చిందంటే కిటికి కాడ కూసోని ఒక్కొక్క నంబరు ఒత్తుకుంట, ఒక్కొక్క పేరు పిలుచుకుంట ఉంటుండె. ఎవరిని పిలుస్తున్నవ్ పెద్దమ్మా అంటె, మా చాపోళ్ళను అంటుండె.”

ఆమెకు నేను ఎన్నిసార్లు థాంక్స్ చెప్పానో లెక్క లేదు. తర్వాత లలితకు చేశాను. ఈ సంగతులన్నీ చెప్పి, ఇన్నేళ్ళూ దాచిన మాట కూడా చెప్పాను.

“లలితా, ఆ రోజు నేను నీకు ఫోన్ చేయకుండానే పలికినా.”

“తెలుసు,” అంది లలిత. “వంకాయ కూర సంగతి సరోజ ఆస్పత్రికొచ్చినప్పుడే చెప్పింది. మార్కెట్లో వంకాయలు కనపడితే చాలు, నువ్వే గుర్తొస్తావు నాకు.” నవ్వుతుందనుకున్నాను. “అక్క మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి ఒట్టు వేయించుకుంది, నీ దగ్గర ఎత్తొద్దని.”

మొన్న శుక్రవారం మా ఇంట్లో చాప పరిచాను. సరోజ వచ్చింది, నిజామాబాద్ నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి వచ్చింది, ఇంకో నలుగురు. లలిత ఫోన్ స్పీకరులో ఉంది. జరిగిందంతా చెప్పాను. సరోజ కళ్ళు తుడుచుకుని పెన్ను తీసింది.

“ఇప్పుడైనా అక్క పేరు రాసేద్దామే. ఏం పేరో చెప్పు.”

“రాయగూడదు,” అన్నాను. “ఎవరి పేరు వాళ్ళే చెప్పాల. వాళ్ళే రాయాల. అక్క పెట్టిన పద్ధతే కదా.”

“మరి ఎట్లా పిలుస్తావు?”

మొదటి పేజీ తెరిచాను. మొదటి పేరుకు పైన ఖాళీ గీత. దాని మీద ఒక మరక ఉంది, చిటికెన వేలి గోరంత, పసుపు రంగు తిరిగిన నూనె మరక. ఏళ్ళ పాటు ఒలిచిన చేతి వేలు ఆని ఆని పడినది. ఇన్నాళ్ళూ దాన్ని మురికి అనుకున్నాను. చాప అంచుకు జరిగి, ఆ మరక మీద నా వేలు పెట్టాను. పేరు పిలవలేదు. ఊరికే ఆగాను.

ముందు నిజామాబాద్ అమ్మాయి, అక్కను ఒక్కసారీ చూడని పిల్ల, “ఉన్నది” అంది. “ఉందండీ,” అంది సరోజ. “ఉండాది,” అన్నాను నేను.

స్పీకరులోంచి లలిత గొంతు అడిగింది, అచ్చం అక్కలాగే. “ఏం వండుకున్నది?”

“పచ్చిపులుసు,” అన్నాను. ఈసారి అబద్ధం కాదు.

అప్పుడు మూతలు తీశాం.

ఇది చదివినవాళ్ళకు ఒక్క మనవి. ఆమె పేరు నేను ఇక్కడ రాయలేదు, ఎందుకో మీకు తెలుసు. పేరు లేకుండానే ఆమెను గుర్తుంచుకోండి. చాప అంచున, ఒక మోకాలు పైకి పెట్టుకుని, గాజుల మీద మగవాళ్ళ గడియారం పెట్టుకున్న పొట్టి మనిషి. ఏదో ఒక శుక్రవారం, అన్నం ముందు కూర్చున్నప్పుడు, మూత తీయబోయే ముందు, ఆమెకు ఒకసారి పలకండి. మీ ఊరి మాటలోనే పలకండి. ఆమెకు అన్ని ఊళ్ళ మాటలూ తెలుసు.